ఆరో తీగ

ఎర్రరంగు గోళ్ళ సందుల్లోకి దిగిపోయింది. ఇక ఇది ఒక పట్టాన వదలదు, శనగపిండి పెట్టి రుద్దినా వదలదు, అన్నం కలుపుకుంటుంటే కళ్ళబడుతూనే ఉంటుంది అనుకుంటూ లీలాకుమారి చేతిని ఎండకి పట్టి చూసుకుంది. ఎండలో వేడి తగ్గింది గానీ మేడమీద గచ్చు ఇంకా వెచ్చగానే ఉంది. పాత దుప్పటి పరిచి దానిమీద ఆరు ఉక్కుతీగల చుట్టలు పెట్టి, వాటి చివరలు మాత్రం ఒక వరసలోకి వచ్చేలా సర్దింది, జ్వరం వచ్చిన పిల్లల తలలు ఒకే దిండుమీదికి చేర్చినట్టు. విశాఖలో ఒడ్డుకి చేర్చి ఉన్న వాళ్ళ తెరచాప పడవకి రెండు పక్కలా ఆధారం ఇవే. తెరచాప కొయ్య అంటారు గానీ అది కొయ్యా కాదు పాడూ కాదు, నాలుగంతస్తుల పొడుగున్న అల్యూమినియం గొట్టం. ముందునించి ఒకటి, వెనకనించి ఒకటి, పక్కలనించి ఈ ఆరూ లాగిపట్టి ఉంచితేనే అది నిలబడుతుంది. తెరచాప ఎత్తినా దించినా వీటికి సెలవు లేదు, రాత్రీ పగలూ బిగుసుకునే ఉండాలి. ముందుదీ వెనకదీ పోయిన నెలలోనే కొత్తవి వేశారు. పక్కవి బాగానే ఉన్నాయి కదా అని త్రినాథరావు అంటే, బాగున్నాయని ఎవరు చూశారు, అమ్మ చూసి చెబితేనే నేను ఎక్కుతాను అంది భువన, విప్పి ఇంటికి పంపించేసింది. అమ్మ చూసి చెప్పాలి. ఈ ఇంట్లో గ్యాసు కట్టేసిందీ లేనిదీ అమ్మే చూడాలి, పాలు విరిగాయో లేదో అమ్మే వాసన చూడాలి, ఇప్పుడు సముద్రంలో కొయ్య విరుగుతుందో విరగదో కూడా అమ్మే చూడాలి. పొద్దున ఒత్తులు చేసే దూది తీసుకుని ఒక్కో తీగనీ ఈ చివరనించి ఆ చివరిదాకా తుడిచింది. పోగు ఎక్కడ తెగి ఉన్నా దూది పట్టుకుంటుంది. ఎక్కడా పట్టుకోలేదు. మిగిలినవి మూతులు. మూతులని పేరు పెట్టుకుంది ఆమే. తీగ చివరని స్టీలు గొట్టంలో దూర్చి యంత్రంతో నొక్కేసిన చోటు అది. పగిలితే అక్కడే పగులుతుందిట, కంటికి కనబడకుండా. అందుకని ఎర్రరంగు పట్టించి, పగులుంటే అందులోకి దిగేదాకా ఆగి, పైపైన తుడిచేసి, తెల్లపొడి కొట్టి కూర్చోవాలి. లోపల దాక్కున్న ఎరుపు పొడిలోకి ఊరి పైకి వస్తే పగులున్నట్టు. రాకపోతే లేనట్టు. అంతే. కూర్చోవాలి.

కూర్చోవడం ఆమెకి కొత్త కాదు. పెళ్ళయిన కొత్తలో త్రినాథరావు ఆమెని సెట్టు చూపిస్తానని తీసుకెళ్ళి ఒక రాతిస్తంభం పక్కన కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని వెళ్ళి పొద్దుగూకినాక వచ్చాడు. ఆలోగా నడుం నొప్పెట్టి ఆమె ఆ స్తంభానికి ఆనుకుంటే స్తంభం కాస్తా ఒరిగి పడిపోయింది. థర్మాకోలు. సెట్టంతా నవ్వు. లైట్లు పట్టేవాళ్ళు, మేకప్ వాళ్ళు, ఎవరో పెద్ద నటుడు కూడా పడీపడీ నవ్వాడు. ఆయన మాత్రం నవ్వలేదు, పరుగున వచ్చి స్తంభాన్ని లేపి, విరిగిన ముక్క చేత్తో తడుముతూ, అయినా చూడు లీలా, కెమెరాకి రాయే, అన్నాడు. ఆ మాట ఆమెకి అప్పుడు ముద్దుగానే వినబడింది. ఆర్ట్ డైరెక్టర్ గారి భార్య అన్నాక ఇల్లంతా అలాగే నిండింది. హాల్లో ఇత్తడి దీపస్తంభం ఫైబరు, మెట్ల పక్క టేకు తలుపు ప్లైవుడ్డు, పెరట్లో నుయ్యికి నీళ్ళు లేవు, అడుగు కూడా లేదు. వచ్చినవాళ్ళు ప్రతిదీ వేలితో కొట్టి చూస్తారు. ఫిల్మ్‌నగర్‌లో ఎవరి ఇల్లు కట్టుకున్నా బండలు పేల్చి కట్టుకోవాల్సిందే, ఈ ఇంటి వెనక ఇప్పటికీ ఏనుగంత బండ ఉంది, దాన్ని కూడా ఒకావిడ కొట్టి చూసి, ఇది నిజందేనాండీ, అని అడిగింది. నడుం మళ్ళీ లాగుతోంది. పిట్టగోడకి ఆనుకుంటే షేక్‌పేట ఫ్లైఓవరు మీద కార్లు ఆగీ ఆగీ కదులుతున్నాయి. వాళ్ళకీ పని ఇదే, కూర్చోవడం.

బట్టలు తియ్యడానికి పైకి వచ్చిన భూలక్ష్మి మెట్లమీదే ఆగిపోయింది. రహమత్‌నగర్‌నించి వచ్చి ఈ ఇంట్లో పనిచేస్తూ చాలా వింతలు చూసింది గానీ ఎర్రగుడ్డల కుప్ప చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"ఏందమ్మా గిది, నెత్తురా?"

"రంగు."

"ఇంటికాడ గూడ సినిమా తీస్తుండా సారు? గీ తీగలేంది, కేబులు టీవీవా?"

"పడవవి."

"పడవకి తీగలెందుకమ్మా, నీళ్ళ మీద కరెంటుంటదా?" అని తన మాటకి తనే నవ్వి, చీరలు భుజాన వేసుకుంటూ వంగి చూసింది. "మస్తు మెరుస్తున్నయ్. మా ఇంటి ముంగట గిట్లాంటిదొకటి కట్టి బట్టలారేస్తే జన్మల తుప్పు వట్టదు."

"పట్టదనే మేమూ అనుకున్నాం."

భూలక్ష్మి వెళ్ళిపోయింది. పట్టదనే అనుకున్నారు. స్టెయిన్‌లెస్ స్టీలుకి గాలి కావాలి, గాలి తగిలినంతసేపే అది తనమీద తాను పొర కట్టుకుని కాపాడుకుంటుంది, మూసిపెడితే తుప్పు లోలోపల తినేస్తుంది అని ఆమె బీఎస్సీలో చదువుకుంది, పరీక్షలో రాసింది కూడా, మార్కులు పడ్డాయి. చదివిన చదువు ఏ రోజు ఎక్కడ ఉంటుందో. తీగలకి తాడు చుట్టిన రోజు అది జెట్టీ మీద ఐస్‌క్రీమ్ తింటూ ఉంది. పడవ కొన్న రెండో ఏట ఎవరి సినిమాలోనో పాటకి పడవ కావలిస్తే, బయటిది ఎందుకు, మాదే వాడండి అన్నాడు త్రినాథరావు. పడవ తెచ్చి ముందు నిలబెట్టాక ఆయనకి నచ్చలేదు. మరీ తళతళలాడుతోంది, ఇది పడవలా లేదు, ఆసుపత్రి మంచంలా ఉంది అన్నాడు. కుర్రాళ్ళని పిలిచి పక్కతీగలకి మూతులనించి మనిషెత్తుదాకా జనపనార తాడు దగ్గరదగ్గరగా చుట్టించాడు, మధ్యమధ్య తారు పూయించాడు. దూరంగా వెళ్ళి రెండు చేతుల వేళ్ళతో చట్రం కట్టి ఒక కన్ను మూసి చూసి, ఇప్పుడు పడవలా ఉంది అన్నాడు. భువన పకపకా నవ్వి, నాన్నా, అది పడవే, అంది. పాట అయిపోయింది, సినిమా వచ్చింది, పోయింది. తాడు మాత్రం ఉండిపోయింది. ఎంత బాగుంది, పాతకాలపు ఓడలా ఉంది అని వచ్చినవాళ్ళంతా దాన్ని పట్టుకుని ఫొటోలు దిగేవాళ్ళు. వానలు పడ్డాయి, ఉప్పుగాలి కొట్టింది, తాడు నానింది, ఎండింది, మళ్ళీ నానింది. మొన్న కొయ్య దించినప్పుడు తాడు కోసి లాగితే లోపల గోధుమరంగు నీళ్ళు కారాయని భువన ఫోన్‌లో చెప్పింది. తుడిచాక మళ్ళీ మెరిశాయట. మెరిశాయి కదా, ఇంకేం, అన్నాడు ఆయన. మెరవడం అంటే ఆయన లెక్కలో అయిపోయినట్టే.

ఫోను మోగింది. భువనే. వెనక గాలి, ఎవరో సుత్తితో కొడుతున్న చప్పుడు. ఈ పిల్లకి పుట్టినప్పటినించీ గాలే కావాలి. కాలేజీ ఎగ్గొట్టి హుస్సేన్ సాగర్‌లో చిన్న తెరచాప పడవలు తిప్పడం నేర్చుకుంది, ఇప్పుడు ఉద్యోగానికి సెలవు పెట్టి నెలరోజులుగా ఒడ్డునే పడవ పక్కన పడుంది.

"కనబడిందా అమ్మా?"

"ఇంకా పొడి ఆరలేదే."

"కొయ్య నిలబెట్టడానికి క్రేన్ రేపు పొద్దున్నే వస్తుంది. తీగలు ఇవాళ బయల్దేరితేనే అందుతాయి. అమ్మా, ఒకటడగనా? నీకు కనబడాలని ఉంది కదూ?"

"కనబడితే కనబడిందని చెబుతాను. లేకపోతే లేదని చెబుతాను."

"అది నాకు తెలుసులే. నేనడిగింది అది కాదు."

"నీళ్ళు తాగుతున్నావా, ఎండలో తిరుగుతున్నావా?" అంది లీలాకుమారి. అట్నించి ఒక నిట్టూర్పు, ఫోను ఆగిపోయింది.

కనబడాలని ఉంది. పొద్దున లేచి పళ్ళు తోముకుంటున్నప్పుడే ఉంది. తండ్రీకూతుళ్ళు ఇద్దరే అండమాన్ దాకా వెళ్ళొస్తారు, వచ్చాక పడవ అమ్మేస్తారు, కొనేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు, ఇది ఆఖరిసారి అని ఆయన మాటిచ్చాడు. ఈసారి కుదరకపోతే ఇక లేదు, నాకూ మోకాలు మాట వినడం లేదు, పడవ ఇచ్చేస్తాను అని కూడా ఆయనే అన్నాడు. అంటే ఈ మూతుల్లో ఎక్కడో వెంట్రుకంత గీత కనబడితే చాలు, పడవ పీడ వదులుతుంది. ఎవరినీ బతిమాలనక్కర్లేదు, ఎవరిముందూ కళ్ళనీళ్ళు పెట్టుకోనక్కర్లేదు. కిందటిసారి వాళ్ళు చెన్నైదాకా వెళ్ళినప్పుడు ఆమె ఫోన్‌లో ఒక చుక్కని చూస్తూ బతికింది. పటం మీద నీలంలో ఒక చిన్న చుక్క, అదే మొగుడు, అదే కూతురు. పోపు వేస్తూ చూసేది, మందులషాపులో వరసలో నిలబడి చూసేది. ఒక రోజంతా చుక్క కదల్లేదు. కదలకపోతే మునిగినట్టా, ఆగినట్టా, ఎవరినడగాలి? ఆ రోజు ఎదురింటి సూర్యతేజ ఉపనయనం. పట్టుచీర కట్టుకుని వెళ్ళి, అక్షింతలు వేసి, వడ్డన వరసలో నిలబడి పులిహోర వడ్డించింది. ఇంకొంచెం వేసుకోండి వదినగారూ అని నవ్వింది కూడా. ఏదో బ్యాటరీ అయిపోయిందిట. అంతేనట. వాళ్ళు ఒడ్డెక్కి పెట్టిన ఫొటోలో ఇద్దరి మొహాలూ ఎండకి కమిలి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ ఉన్నాయి. ఆ ఫొటో చూసి ఆమెకి సంతోషం రాలేదు, నిద్ర వచ్చింది. సాయంత్రం పడుకుంటే మర్నాడు భూలక్ష్మి తలుపు బాదేదాకా లేవలేదు. ఆ నిద్ర ఇంకా తీరలేదనిపిస్తుంది అప్పుడప్పుడు.

పొడి ఆరింది. భూతద్దం తీసుకుని మోకాళ్ళ మీద వంగింది. మొదటి మూతి, తెలుపు. రెండోది తెలుపు. మూడోదాని అంచున ఎర్రచుక్క కనబడింది గానీ అది తన వేలిముద్రే. నాలుగు, అయిదు. ఆరో తీగ మూతి అన్నిటికంటే తెల్లగా, ముగ్గుపిండి జల్లినట్టు, ఎక్కడా ఛాయ కూడా లేకుండా ఉంది. అయితే లేదన్నమాట. వెళతారు. మళ్ళీ చుక్క, మళ్ళీ పోపు. ఏదో బరువు దిగినట్టూ ఉంది, మెడమీద ఇంకేదో ఎక్కినట్టూ ఉంది. పోనీలే, ఒక్కసారేగా, ఆఖరిసారేగా. లేవబోయి, ఎందుకో మళ్ళీ ఆరోదానివైపు చూసింది. మరీ తెల్లగా ఉంది. మిగతా అయిదింటికీ పొడికింద లీలగా గులాబీరంగు మిగిలింది, ఎంత తుడిచినా ఉక్కు గరుకులో కొంచెం ఉండిపోతుంది మరి. దీనికి అది కూడా లేదు. ఎందుకు లేదు? గుర్తొచ్చింది. రంగు తుడిచేటప్పుడు దీని మూతిదగ్గర మరకలు చారలుచారలుగా కారి ఉంటే చూడలేక, గుడ్డకి కొంచెం తడిచేసి తుడవాల్సింది పోయి, తుడిచే మందు డబ్బా నేరుగా మూతిమీదే కొట్టి, ఇత్తడి కుందులు తోమినట్టు తోమేసింది. అలా చెయ్యకూడదని డబ్బామీద రాసే ఉంది. నేరుగా కొడితే పగుల్లోకి దిగిన రంగు కూడా కడుక్కుపోతుంది. లోపలున్నదే పోయాక పైకి ఏం వస్తుంది? ముప్ఫై ఏళ్ళుగా గిన్నెమీద మచ్చ కనబడితే చేతులు ఊరుకోవు. శుభ్రం చేస్తే మంచిదేనని ఎవరైనా అంటారు. శుభ్రం చేసి సాక్ష్యం కడిగేసింది.

"లీలా!" మెట్ల కిందనించి త్రినాథరావు గొంతు. "వ్యాను వచ్చేసింది. బాగానే ఉన్నాయిగా?"

ఉన్నాయి అంటే అయిపోతుంది. అయిదు నిజంగానే ఉన్నాయి. ఆరోది కూడా ఉండే ఉంటుంది, ఆరింటిలో అదొక్కటే ఎందుకు పగులుతుంది? నడుం విరిగిపోతోంది, కాఫీ తాగి ఎంతసేపయిందో. మళ్ళీ చేస్తే మళ్ళీ రంగు, మళ్ళీ కూర్చోవడం, మళ్ళీ తుడుపు, మళ్ళీ పొడి. పైగా మళ్ళీ చేసినప్పుడు గీత కనబడిందే అనుకో, ఏమంటారు? వెతికి వెతికి పట్టుకుంది అంటారు. ఆరూ బాగున్నాక ఏడోసారి ఎందుకు చేశావమ్మా అంటుంది భువన. అనకపోయినా అనుకుంటుంది. జీవితాంతం అనుకుంటుంది, అమ్మకి మేం వెళ్ళడం ఇష్టంలేదు, అందుకని. తను కోరుకున్నదే దొరికితే దాన్ని తను చెబితే ఎవరు నమ్ముతారు, తను మాత్రం నమ్ముతుందా? కోరుకున్న కన్ను దేన్నయినా చూస్తుంది.

"ఉండండి," అంది. "ఒకటి మళ్ళీ చెయ్యాలి."

"మళ్ళీనా?"

"వ్యాను అబ్బాయికి టీ ఇమ్మని భూలక్ష్మికి చెప్పండి."

మూతి కడిగింది, ఆరనిచ్చింది. రంగు కొట్టింది. ఈసారి తొందరపడలేదు, దిగనీ అని కళ్ళు మూసుకుని పిట్టగోడకి జేరబడింది. కింద వీధిలో ఎవరో హీరో క్యారవాను వెనక్కి తిప్పుకుంటోంది, రానీ రానీ రానీ అని ఒకడి అరుపు, వెనక్కి పోతున్న బండి కూత. ఎవరికోసం ఇదంతా, అనుకుంది, నిద్రమత్తుగా. పగులు ఉంటే ఇష్టం, లేకపోతే భయం; పగులు ఉంటే భయం, లేకపోతే ఇష్టం. రెండూ ఒకే చీరకి రెండు అంచులు, ఏది పైటకి వచ్చినా ఒకటే. పొడిగుడ్డతో తుడిచింది. తర్వాత గుడ్డ మూలని మందులో అద్ది, పిండి, పసిపిల్ల మూతి తుడిచినట్టు పైపైన తుడిచింది. చారలు మిగిలాయి, మిగలనిచ్చింది. చేతులు ఊరుకోనంటే వెనక్కి పెట్టుకుంది. తెల్లపొడి కొట్టింది. ఎండ పిట్టగోడ దాటి బండల మీదికి వెళ్ళిపోయింది. ఆమె కూర్చుంది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత, వచ్చిందని చెప్పడానికి వీల్లేనంత నెమ్మదిగా, తెలుపులో ఒకచోట తెలుపు తగ్గింది. కంటి అలసట అనుకుని రెప్పలాడించింది. తగ్గినచోట గులాబీ అయింది. గులాబీ సన్నబడి ముదిరి, మూతి అంచునించి కిందికి, కనుబొమ్మంత పొడుగున, ఒక ఎర్రగీత అయి నిలబడింది.

పొద్దుటినించీ అడిగింది ఇదే. ఇచ్చారు, తీసుకో. ఆమెకి ఏడుపు రాలేదు, నవ్వు రాలేదు, ఉన్నట్టుండి చలేసింది. ఈ తీగ కింద భువన నిలబడుతుంది కదా, చుక్కాని పట్టుకుని, పైకి చూసి నవ్వుతూ.

"ఏమండీ, పైకి రండి."

మోకాలు పట్టుకుని ఒక్కోమెట్టూ మూలుగుతూ ఆయన వచ్చాడు. కళ్ళజోడు నుదుటిమీదికి తోసి, గచ్చుమీద బోర్లా పడుకున్నంత పనిచేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎరుపు బాగా పలికింది," అన్నాడు చివరికి. అది ఆయన నోటికి అలవాటైన మాట. తర్వాత తల తిప్పకుండానే, "నువ్వు గీసింది కాదుగదా?" అన్నాడు. హాస్యానికే అన్నాడు గానీ హాస్యం సగంలో ఆగిపోయింది.

ఆమె డబ్బాలు మూడూ ఆయన ముందుకి జరిపింది. "కడిగేసి మీరే చెయ్యండి. నేను అటు తిరిగి కూర్చుంటాను."

"ఛ, ఊరికే అన్నాను."

"తెలుసు. అయినా చెయ్యండి."

చేశాడు. రంగుల్లో పుట్టి పెరిగిన చెయ్యి, ఆమె కంటే తేలిగ్గా తుడిచింది, ఆమె కంటే పలచగా పొడి కొట్టింది. ఆమె అటు తిరిగి ఫ్లైఓవరు చూస్తూ కూర్చుంది. వెనకనించి ఆయన ఊపిరి వినబడుతోంది, తర్వాత వినబడలేదు.

"అక్కడే వచ్చింది," అన్నాడు.

ఫోను మోగింది. ఆమె ఎత్తి, స్పీకరు పెట్టి, ఇద్దరి మధ్యా గచ్చుమీద పెట్టింది.

"అమ్మా? వ్యాను బయల్దేరిందా?"

"లేదే. ఒకటి పగిలింది."

అట్నించి గాలి చప్పుడు దూరమైంది, ఫోను పట్టుకుని ఎటో పక్కకి నడిచినట్టుంది. తర్వాత చిన్నగొంతుతో, "ఎవరు చూశారు?" అంది భువన.

లీలాకుమారి నోరు తెరిచింది. ఆయన ముందే అందుకున్నాడు. "నేను చూశాను. నా చేత్తో చేశాను. తాడు చుట్టించిందీ నేనే కదమ్మా, నేనే చూశాను."

"సరే నాన్నా," అంది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "క్రేన్ వాళ్ళకి చెప్పేస్తాను." ఫోను ఆగిపోయింది.

త్రినాథరావు వెనక్కి జరిగి ఆమె పక్కన పిట్టగోడకి ఆనుకున్నాడు. మోకాలు చాపుకున్నాడు. చేతులు రెండూ ఎర్రగా ఉన్నాయి, ఒళ్ళో బోర్లించుకున్నాడు. ఆయన ఎప్పుడూ ఇంత చిన్నగా కూర్చోగా ఆమె చూడలేదు.

"పడవ ఇచ్చేద్దాంలే లీలా. అన్న మాట ప్రకారమే. రేపు కొనేవాళ్ళకి ఫోన్ చేస్తాను."

ఎన్నేళ్ళ నించో వినాలనుకున్న మాట. చెవిలో పడింది గానీ లోపలికి దిగలేదు. భువన ముక్కు ఎగబీల్చిన చప్పుడే ఇంకా అక్కడ అడ్డంగా ఉంది.

"కొత్తవి వేయించండి," అంది.

"ఈ ఒక్కటా?"

"ఒక్కటేమిటి, ఆరూ. ఆ తాడు కింద ఆరూ ఉన్నాయి. ఇవాళ కనబడనిది రేపు కనబడుతుంది. తీగలు వచ్చి, అమర్చేసరికి ఎండలు ముదిరి తుఫాన్ల రోజులొస్తాయి, వెళ్ళద్దు. వచ్చే ఏడు సంక్రాంతి వెళ్ళాక బయల్దేరండి. కొంటామన్నవాళ్ళకి ఇప్పుడే కాదని చెప్పండి."

"ఏడాది," అన్నాడు ఆయన. "మళ్ళీ ఏడాదంతా నువ్వు దీన్ని మొయ్యాలి. ఆ తర్వాత మళ్ళీ ఆ చుక్క చూసుకుంటూ కూర్చోవాలి."

చుక్క సంగతి ఆయనకి తెలుసని ఆమెకి ఇప్పటిదాకా తెలియదు. తెలిసే వెళ్ళాడా ఇన్నిసార్లు? కోపం రావాలి, రాలేదు. దాన్ని లేపి నిలబెట్టే ఓపిక లేదు.

"కూర్చుంటానులెండి," అంది.

లేద్దామని ఆయన భుజంమీద చెయ్యి వేసింది. ఆయనా తనకి సాయంగా ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకేసారి లేవబోయి, ఒకేసారి మూలిగి, మళ్ళీ ఉన్నచోటే కూలబడ్డారు. కింద వ్యాను అబ్బాయి హారన్ కొట్టాడు, ఆగి మళ్ళీ కొట్టాడు. ఎవరో ఒకరు దిగి వెళ్ళి చెప్పాలి.